గోదావరి పోసిన అడ్డుగోడ

1789 డిసెంబరులో కాకినాడ దగ్గరి కోరంగి రేవును ఉప్పెన ముంచెత్తింది. ఒకదాని వెనక ఒకటిగా మూడు పెనుకెరటాలు వచ్చాయని ఆనాటి కథనాలు చెబుతాయి. అవి లంగరు వేసిన ఓడలను ఒడ్డున పడేశాయి. ఊరిని తుడిచిపెట్టాయి. సుమారు 20 వేల మంది పోయారని అంచనా. ఆ దెబ్బనుంచి తేరుకుంటున్న కోరంగిపై 1839 నవంబరులో మరో ఉప్పెన విరుచుకుపడింది.

ఇప్పుడు కాకినాడ అఖాతానికి ముందు అడ్డుగోడలా నిలిచి, కెరటాల నుంచి కాకినాడను కాస్తున్న హోప్ ఐలాండ్ 1789లో ఈ రూపంలో లేదు. దాని వయసు దాదాపు రెండు వందల ఏళ్లే. దీవి అని పిలుస్తున్నా, నిజానికది గోదావరి మొగ దగ్గర మొదలై ఉత్తరానికి సాగిన సన్నని ఇసుక తిన్నె. గౌతమి పాయ ఇసుకను సముద్రంలోకి తెస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకి, ఆ ఇసుకను ఉత్తరానికి నెడతాయి. అలా ఏటేటా పెరిగి తిన్నె సుమారు 16 కిలోమీటర్లయింది. దాని చాటున నీరు నెమ్మదించింది, ఒండ్రు దిగింది, కోరంగి మడ అడవులు విస్తరించాయి. పూడికతో కోరంగి రేవు కళ తప్పింది. ఓడల రాకపోకలు కాకినాడకు మళ్లాయి. తిన్నె మీది ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇప్పటికీ గుడ్లు పెడుతున్నాయి.

తుపాను వస్తే ఇలాంటి తిన్నె చెరిగిపోతుందని అనుకుంటాం. ఇసుకకు కొరత లేనంతకాలం అలా జరగదు. ఉప్పెన నీరు తిన్నె మీదుగా పొర్లి, సముద్రం వైపు ఇసుకను అఖాతం వైపు చేరుస్తుంది. ముందు కోతపడుతుంది, వెనక మేట వేస్తుంది. అంటే తిన్నె నేలవైపు కాస్త జరిగి నిలబడుతుంది. గండి పడినా, తీరం వెంట వచ్చే ఇసుక దాన్ని పూడుస్తుంది. సముద్రమట్టం నెమ్మదిగా పెరిగినా ఈ పద్ధతిలోనే తట్టుకుంటుంది.

ఆ ఇసుకే ఇప్పుడు తగ్గిపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. 1970లలో ఎగువన జాయక్వాడి, శ్రీరామసాగర్ వచ్చాయి. ఇలాంటి జలాశయాలు నీటితోపాటు ఒండ్రునూ ఆపేస్తాయి. 1970లలో గోదావరి మోసుకొచ్చిన ఒండ్రుతో పోలిస్తే 1990లలో వచ్చింది సగం కూడా లేదు. మరోపక్క ప్రపంచ సముద్రమట్టం 1900 నుంచి దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. కొత్త ఒండ్రు పడని డెల్టా నేల తనంతట తానే కుంగుతుంది కూడా.

ఈ కథలో ఉప్పాడను మరిచిపోకూడదు. తిన్నెకు ఉత్తరాన ఉన్న ఆ తీరంలో ఇళ్లూ రోడ్డూ కోతకు గురవుతూనే ఉన్నాయి. రాళ్లు పోశారు, ఇసుక నింపిన గొట్టాలతో గోడ కట్టారు, కెరటాలు వాటినీ దెబ్బతీశాయి. ఉత్తరానికి సాగాల్సిన ఇసుకలో కొంత తిన్నె దగ్గరే నిలిచిపోవడం ఈ కోతకు ఒక కారణం. కాకినాడకు దక్కిన రక్షణకు కొంత మూల్యం ఉప్పాడ మత్స్యకారులు చెల్లిస్తున్నారు. ఇది న్యాయం కాదు.

గోదావరిపై ఏ ప్రాజెక్టు తలపెట్టినా ఎన్ని టీఎంసీల నీరు ఆపుతామో చెబుతున్నారు. తీరానికి చేరకుండా ఎంత ఇసుక ఆగిపోతుందో కూడా లెక్కగట్టి, పని మొదలుపెట్టకముందే కాకినాడ, ఉప్పాడ ప్రజల ముందు పెట్టాలి.