సతి (బౌద్ధ సాధన)

ఈ వ్యాసం బౌద్ధ ధ్యానసాధన గురించి. భర్త చితిపై భార్య ఆహుతి అయిన ఆచారం కొరకు సతీసహగమనం చూడండి.

సతి అనునది వర్తమాన క్షణంలో శరీరంలోను, మనసులోను జరుగుతున్నదానిని ఎరుకతో గమనించే బౌద్ధ సాధన. ఈ పాళీ పదానికి సంస్కృత రూపం స్మృతి, మూలార్థం జ్ఞాపకం. గమనించవలసిన విషయాన్ని మనసు మరచిపోకుండా ఉండటమే ఇక్కడ జ్ఞాపకం. అష్టాంగమార్గంలో ఏడవదైన సమ్యక్ స్మృతి ఇదే.

మూలగ్రంథాలు

మజ్ఝిమనికాయంలోని 10వది అయిన సతిపట్ఠాన సుత్తంలో ఈ సాధనకు నాలుగు ఆధారాలు చెప్పబడ్డాయి. అవి కాయం (శరీరం), వేదన, చిత్తం, ధర్మాలు. ఇక్కడ వేదన అనగా బాధ మాత్రమే కాదు. సుఖం, దుఃఖం, ఆ రెండూ కాని అనుభూతి అన్నీ వేదనలే. అదే నికాయంలోని 131వ సుత్తం, భద్దేకరత్త సుత్తం, గడచినదాని వెంట పోరాదని, రానున్నదానికై ఆశపడరాదని బోధిస్తుంది. అయితే వర్తమానంలో కలిగే అనుభవాలను కూడా "నేను", "నాది" అని పట్టుకోరాదని ఈ సుత్తం హెచ్చరిస్తుంది. కనుక సతి అనగా క్షణిక సుఖాన్ని ఆస్వాదించడం కాదు.

సాధన విధానం

సాధకుడు సాధారణంగా శ్వాసతో మొదలుపెడతాడు. శ్వాసను నియంత్రించక, అది దీర్ఘమైతే దీర్ఘమని, హ్రస్వమైతే హ్రస్వమని తెలుసుకుంటాడు. మనసు వేరొక ఆలోచనలోకి పోయినపుడు, తనను నిందించుకొనక, ఆ సంగతి గుర్తించి తిరిగి శ్వాసపైకి వస్తాడు. నడవడం, తినడం, మాట్లాడటం వంటి పనులలో కూడా ఇదే ఎరుకను నిలుపుకోవాలి.

ఆంధ్రదేశంతో సంబంధం

పశ్చిమ ప్రకాశం ప్రాంతానికి బౌద్ధం కొత్త కాదు. కంభం చెరువు నిర్మించబడిన గుండ్లకమ్మ నదికే దిగువన, దొనకొండ మండలంలోని చందవరం వద్ద శాతవాహనుల కాలం నాటి మహాస్తూపం, విహారాల అవశేషాలు ఉన్నాయి. ఈ క్షేత్రం 1964లో వెలుగులోకి వచ్చింది.

శ్రీపర్వతంతో ముడిపడిన ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలోని 19వ ప్రకరణంలో కాలాన్ని పరీక్షించాడు. గతం, వర్తమానం, భవిష్యత్తు ఒకదానిపై ఒకటి ఆధారపడినవే కనుక వర్తమానానికి కూడా స్వతంత్రమైన ఉనికి లేదని ఆయన వాదన.

ఆధునిక కాలంలో, బర్మాలో జన్మించిన సత్యనారాయణ గోయెంకా (1924-2013) 1969లో భారతదేశానికి వచ్చి విపస్సన శిబిరాలు ప్రారంభించాడు. హైదరాబాదులోని ధమ్మఖేత్త కేంద్రం 1976లో ఏర్పడింది. పది రోజుల శిబిరంలో మొదటి మూడు రోజులు శ్వాసను, తరువాత శరీరంలో కలిగే సంవేదనలను గమనిస్తారు. శిబిరానికి రుసుము లేదు.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి కూడా ఎంపికలేని ఎరుక గురించి బోధించాడు. కాని ఏ పద్ధతినైనా అభ్యసించడం అంటే భవిష్యత్తులో ఒక ఫలాన్ని కోరడమేనని, అది వర్తమానం నుండి తప్పుకోవడమేనని ఆయన విపస్సన వంటి విధానాలతో విభేదించాడు.

వైద్యరంగంలో వినియోగం, విమర్శలు

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలిక నొప్పి, మానసిక ఒత్తిడి గల రోగుల కొరకు ఈ సాధన ఆధారంగా ఒక శిక్షణను ప్రారంభించాడు. ఇది ఎనిమిది వారాల శిక్షణగా అనేక దేశాలకు వ్యాపించింది. శీలం నుండి, అనగా హింస, అసత్యం వంటివాటిని విడనాడే నియమాల నుండి, వేరుచేసిన సతి కేవలం ఏకాగ్రతా నైపుణ్యంగా మిగిలిపోతుందని బౌద్ధ ఆచార్యులలో కొందరి విమర్శ. తీవ్ర మానసిక వ్యాధులున్నవారు దీర్ఘ మౌన శిబిరాలలో చేరరాదని విపస్సన కేంద్రాలే సూచిస్తాయి. వర్తమానంలో జీవించడం అనగా గతం నుండి నేర్చుకోవడాన్ని గాని, రేపటి ప్రణాళికను గాని మానడం కాదు. ఆ పనులను కూడా చేస్తున్నామని తెలిసి చేయడమే సతి.