రాబర్ట్ స్మాల్స్

రాబర్ట్ స్మాల్స్ (1839–1915) బానిసగా పుట్టి, దక్షిణ కరోలినా నుంచి అమెరికా ప్రతినిధుల సభకు వెళ్లిన నల్లజాతి నాయకుడు. 1875 నుంచి 1887 వరకు, మధ్యలో విరామాలతో, ఐదు కాంగ్రెస్‌లలో సభ్యుడు. చరిత్ర ఆయన్ని ఎక్కువగా ఒక్క రాత్రి సాహసానికే తలుచుకుంటుంది. ఆ తర్వాత ఓటుహక్కు కోసం ఆయన చేసిన సుదీర్ఘ పోరాటం అంతకన్నా చిన్నదేమీ కాదు.

బ్యూఫోర్ట్ పట్టణంలో యజమాని ఇంటి పెరట్లోని గుడిసెలో 1839 ఏప్రిల్ 5న పుట్టాడు. తల్లి లిడియా ఆ ఇంట్లోనే పనిమనిషి. పన్నెండేళ్లకే చార్లెస్టన్‌కు కూలికి పంపారు. హోటల్లో వడ్డించాడు, వీధి దీపాలు వెలిగించాడు, చివరికి రేవులో కుదురుకున్నాడు. కూలి డబ్బుల్లో చాలా భాగం యజమానికే పోయేది. రేవులోని ప్రతి మలుపూ, ప్రతి ఇసుకమేటా మాత్రం స్మాల్స్‌కు కంఠతా వచ్చేశాయి.

అంతర్యుద్ధం మొదలయ్యాక, దక్షిణాది సైన్యం ఆయుధాలు మోసే 'ప్లాంటర్' అనే ఆవిరి ఓడకు చుక్కాని పట్టాడు. చేసేది పైలట్ పనే అయినా ఆ హోదా నల్లవాళ్లకు ఇచ్చేవారు కాదు.

1862 మే 12 రాత్రి ఓడలోని ముగ్గురు తెల్ల అధికారులూ నిద్రకు ఒడ్డుకు వెళ్లారు. తెల్లవారకముందే స్మాల్స్, తోటి బానిస నావికులు లంగరెత్తారు. దారిలో భార్య హానాను, పిల్లల్ని, మరికొందరు స్త్రీలను ఎక్కించుకున్నారు. దొరికిపోతే చావే. స్మాల్స్ కెప్టెన్ గడ్డి టోపీ పెట్టుకుని, అతనిలాగే నిలబడ్డాడు. ఒక్కో కోట దగ్గరా కూయాల్సిన విజిల్ కూశాడు. సమ్టర్ కోట ఫిరంగులు దాటాక దక్షిణాది జెండా దించి తెల్ల దుప్పటి ఎగరేశాడు. అలా పదహారుమంది స్వేచ్ఛ పొందారు. ఉత్తరాది నౌకాదళానికి ఓడతోపాటు ఫిరంగులూ, రహస్య సంకేతాల పుస్తకమూ చిక్కాయి. స్మాల్స్ వాటాకు 1,500 డాలర్ల బహుమతి దక్కింది.

ఆ ఆగస్టులో వాషింగ్టన్ వెళ్లి లింకన్‌ను, యుద్ధమంత్రి స్టాంటన్‌ను కలిశాడు. 5,000 మంది నల్ల సైనికులను చేర్చుకోవచ్చన్న ఉత్తర్వు తిరుగు ప్రయాణంలో వెంట వచ్చింది. తర్వాత అదే ప్లాంటర్‌కు కెప్టెన్ అయ్యాడు. అయినా 1864లో ఫిలడెల్ఫియాలో రంగు కారణంగా ఆయన్ని ట్రామ్ దిగిపొమ్మన్నారు.

యుద్ధకాలంలోనే పన్ను బకాయిల వేలంలో తన పాత యజమాని ఇంటిని కొన్నాడు. పెద్దయ్యాకే చదువు నేర్చుకున్న ఈ మనిషి, 1868 రాష్ట్ర రాజ్యాంగ సభలో అందరికీ ఉచిత పాఠశాలలు కావాలని పట్టుబట్టాడు. కాంగ్రెస్‌లో, సైన్యంలో చేరేవారి మధ్య వర్ణభేదం ఉండకూడదని 1876లో సవరణ తెచ్చాడు. అది నెగ్గలేదు. సొంత రాష్ట్రంలో 'ఎర్ర చొక్కాల' సాయుధ ముఠాలు నల్ల ఓటర్లను బెదిరించేవి. 1877లో లంచం కేసులో శిక్ష పడింది. 1879లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చాడు. 1880 ఎన్నికల ఫలితాన్ని సవాలు చేసి, 1882లో సీటు తిరిగి సాధించాడు. 1886లో ఓడాక మళ్లీ కాంగ్రెస్‌కు రాలేదు.

నల్లవాళ్ల ఓటును ఊడగొట్టడానికే 1895లో కొత్త రాజ్యాంగ సభ పెట్టారు. 160 మంది ప్రతినిధుల్లో నల్లవాళ్లు ఆరుగురే. స్మాల్స్ లేచి ఎదిరించాడు, చివరికి ఆ పత్రం మీద సంతకం పెట్టనన్నాడు. బ్యూఫోర్ట్‌లో చాలా ఏళ్లు కస్టమ్స్ కలెక్టరుగా పనిచేసి, 1915 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. దక్షిణాది సైన్యం గెలిచిన యుద్ధం పేరు మోస్తూ వచ్చిన 'చాన్సలర్స్‌విల్' అనే యుద్ధనౌకకు అమెరికా నౌకాదళం 2023లో ఆయన పేరు పెట్టింది.