మన సీమకు ఏనుగుల పునరాగమనము

పలమనేరు, కుప్పము ప్రాంతములందు అడవి యంచున నున్న పల్లెలలో, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట పొలమునకు బోవువాడు టార్చిలైటును టపాకాయలును వెంట గొనక కదలడు. మన గ్రంథాలయమునకు వచ్చు బాలురు కొందఱు, ఈ యేనుగులు తాతల కాలమునను ఉండెడివా యని నన్నడిగిరి. తాతల కాలమున లేవు. వారి తాతలకు తాతలైనవారి కాలమున నుండెడివి. ఆ నడిమి చరిత్రమును నాకు తెలిసినంత వఱకు వివరించెదను.

ప్రాచీనులకు ఏనుగు సేనాంగములలో నొకటి. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున, రాజ్యపు సరిహద్దున గజవనము నేర్పఱచి, దానికి పాలకుని నియమింపవలె ననియు, ఏనుగును జంపినవానికి మరణదండన విధింపవలె ననియు జెప్పినాడు. తనంత తాను చచ్చిన యేనుగు దంతముల జతను దెచ్చి యొప్పగించినవానికి నాలుగుంబావు పణముల బహుమానము! గ్రామలెక్కలు వ్రాయుటలో కాలము గడపిన నాకు ఆ పావు పణము మిక్కిలి ముచ్చట గొలిపినది. అంత పెద్ద శాస్త్రకారుడును చిల్లరను విడువలేదు. ఇంచుమించు ఆ కాలమున మన దేశమునకు వచ్చిన మెగస్తనీసు, ఏనుగులను బట్టు విధమును వర్ణించినాడు. చుట్టును లోతైన కందకము త్రవ్వి, లోపల ఆడ యేనుగుల నుంచి, అడవి యేనుగులు ప్రవేశించిన పిదప మచ్చికైన యేనుగులచే వానిని లొంగదీసెడివారట. విజయనగర ప్రభువులలో రెండవ దేవరాయలకు (1424–1446) గజబేటకారుడను బిరుదము గలదు.

కాలక్రమమున అడవులు తఱిగినవి, తుపాకులు పెరిగినవి. చెన్నపట్టణపు ప్రభుత్వము 1873లోను, భారత ప్రభుత్వము 1879లోను ఏనుగుల రక్షణకై చట్టములు చేసినను, మన కొండలలో వాని సంచారము అంతకు ముందే యంతరించియుండెను. సుమారు రెండువందల యేండ్లు ఈ సీమవారికి ఏనుగనగా గుడి ముందఱి శిలావిగ్రహము, లేదా పోతన గారి గజేంద్రుడు.

1984 ప్రాంతమున హోసూరు, ఆనేకల్లు అడవుల వైపునుండి ఒక మంద కుప్పము అడవులకు వచ్చినది. ఉన్నచోట మేతయు నీరును కొఱవడుట, అడవులు తునుకలు తునుకలగుట దీనికి కారణములని పెద్దల మాట. నాకప్పుడు పదునాలుగేండ్లు. చెఱువు కట్టపై కానవచ్చిన తొలి యడుగుజాడను జూచుటకు ఊరెల్ల కదలినది. వినాయకుడే నడచి వచ్చినాడని మా యవ్వ ఆ జాడలో పసుపు కుంకుమ లుంచి కర్పూరము వెలిగించినది. పదునైదు దినములు గడవక మునుపే ఆ వినాయకుడు మా పినతండ్రి గారి చెఱకుతోటను ఒక్క రాత్రిలో నేలమట్టము చేసినాడు. అవ్వ మరల కర్పూరము వెలిగింపలేదు.

అడవిపందుల నదలించుటకు మంచెయు, డప్పును మనవారు ఎఱుగుదురు. ఏనుగునకు తగిన ఉపాయమును జెప్పగల వృద్ధు డొక్కడును మిగిలి యుండలేదు. రెండు శతాబ్దముల యెడబాటులో మనము పోగొట్టుకొన్నది ఆ తెలివి. పైగా ఈ నడుమ మన చేలు కొండ పాదము వఱకు ప్రాకినవి. అందు వేసినవి చెఱకు, అరటి, వరి. దినమునకు నూఱు కిలోలకు మించి మేయు జంతువునకు ఇంతకంటె విందేమి కావలయును?

1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల యడవిని కౌండిన్య అభయారణ్యముగా ప్రకటించిరి. కందకములు త్రవ్విరి, సౌరవిద్యుత్తు కంచెలు వేసిరి. మెగస్తనీసు కాలమున ఏనుగును లోపల నుంచుటకు త్రవ్విన కందకమునే, ఇప్పుడు వెలుపలికి రాకుండుటకు త్రవ్వుచున్నాము. అది గట్టును కాలితో ద్రొక్కి, మట్టిని లోనికి గూల్చి దాటుచున్నది. నష్టము ఒక పక్షమునకే కాదు. 2023 జూన్ నెలలో పలమనేరు సమీపమున రాజమార్గమును దాటుచున్న మూడేనుగులు, కూరగాయల లారీ తగిలి మరణించినవి. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వము శిక్షణ పొందిన నాలుగు కుంకీ యేనుగులను మన రాష్ట్రమున కొసగినది. అడవి యేనుగునకు మచ్చిక యేనుగే మందన్న పాత పద్ధతికే మరల వచ్చితిమి.

ఇక నా స్వవిషయ మొకటి చెప్పక తప్పదు. కొన్నియేండ్ల క్రిందట, ఎండ యధికముగా నున్నదని, కొండ క్రింది సర్వే నంబరులకు పోక, వెనుకటి యేటి పైరునే అడంగలులో నెక్కించితిని. వేరుసెనగ యని వ్రాసిన యొక యెకరమున నిజముగా నున్నది గెలలు వేసిన యరటి. ఆ నెలలోనే ఏనుగులు దిగినవి. రైతు నష్టపరిహారమునకై అర్జీ పెట్టుకొనగా, లెక్కలో అరటి లేదు గనుక పరిహారము లేదనిరి. తప్పు నాదని నేను వ్రాసి యిచ్చినను, గడువు దాటిన దనిరి. అతడు నన్ను పల్లెత్తు మాట యనలేదు. "పోనీలెండి అయ్యా, ఏనుగు తిన్నది, మీరేమి తినలేదు గదా" యనినాడు.

అటుపిమ్మట ఆ నంబరులన్నింటిని కాలినడకను దిరిగియే వ్రాయుచున్నాను. ఈ యేడు పోయి చూడగా, గట్టుమీద నీరు నిలిచిన క్రొత్త జాడ యొకటి, దాని నడుమ తేలుచున్న యరటియాకు తునుక. అతడు మరల అరటియే నాటియున్నాడు. అరటి యనియే వ్రాసికొంటిని.