ఎవరు పంపారు? ఏం చేస్తుంది?

1990ల మధ్య వరకు కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రామ్ వేసుకోవాలంటే చాలావరకు ఫ్లాపీనో సీడీనో కొనుక్కోవాల్సి వచ్చేది. డబ్బా మీద కంపెనీ పేరు, అమ్మిన దుకాణం, ఈ రెండే నమ్మకానికి ఆధారం. వెబ్ వచ్చాక డబ్బాతో పని లేకుండా పోయింది. ఒక పేజీ తెరిస్తే చాలు, ఎక్కడో రాసిన కోడ్ ఇంటి కంప్యూటర్‌లో నడవసాగింది. అలా వచ్చిన కోడ్‌కు ఎంత చనువు ఇవ్వాలన్న ప్రశ్నకు ఏడాది తేడాలో రెండు జవాబులు పుట్టాయి.

మొదటిది సన్ మైక్రోసిస్టమ్స్‌ది. ఆ సంస్థ 1995లో జావాను ప్రకటించింది. జావాలో రాసి వెబ్ పేజీలో పెట్టే చిన్న ప్రోగ్రామ్ పేరు ఆప్లెట్. దాన్ని ‘శాండ్‌బాక్స్’ అనే కంచెలో కట్టేశారు. డిస్క్‌లోని ఫైళ్లు చదవకూడదు, రాయకూడదు. తాను వచ్చిన సర్వర్‌తో తప్ప మరో యంత్రంతో మాట్లాడకూడదు. రాసింది ఎవరని అడగలేదు, ఏం చేయగలదో మాత్రమే చూశారు. అయితే కంచెలోనూ కన్నాలున్నాయని 1996లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. పైగా టైపు చేసిన ఉత్తరాన్ని సొంత డిస్క్‌లో దాచుకోనివ్వని ప్రోగ్రామ్ ఆఫీసు పనికి అక్కరకు రాలేదు.

రెండో జవాబు మైక్రోసాఫ్ట్‌ది. 1996 ఆగస్టులో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3 బ్రౌజర్‌లో, వెబ్ పేజీ నుంచి నడిచే ‘యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్’ అనే ప్రోగ్రామ్‌కు కంచె లేదు. దాని బదులు ‘ఆథెంటికోడ్’ అనే డిజిటల్ సంతకం ఉంది. తయారుచేసిన వారి పేరు చూపించి బ్రౌజర్ అనుమతి అడుగుతుంది. ‘అవును’ అన్నాక ఆ ప్రోగ్రామ్‌కు వాడుకరికి ఉన్న అధికారాలన్నీ దక్కినట్టే.

ఇందులోని లొసుగును ఫ్రెడ్ మెక్‌లేన్ అనే ప్రోగ్రామర్ ఆ ఏడాదే బయటపెట్టాడు. ‘ఎక్స్‌ప్లోడర్’ పేరుతో ఆయన రాసిన కంట్రోల్ పేజీ తెరిచిన కాసేపటికి విండోస్ 95ను మూసేసేది. కొన్ని యంత్రాల్లో కరెంటు కూడా ఆపేసేది. దానిపై ఉన్నది, డిజిటల్ సర్టిఫికెట్లు జారీచేసే వెరిసైన్ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్‌తో చేసిన అసలైన సంతకమే. మరుసటి ఏడాది జర్మనీలోని హ్యాకర్ల సంఘం కేయాస్ కంప్యూటర్ క్లబ్ మరో కంట్రోల్‌తో, క్వికెన్ ఖాతాల ప్రోగ్రామ్‌లోకి దొంగ చెల్లింపు ఆదేశం చొప్పించి చూపింది. 2001 జనవరిలోనైతే సంతకంలో కనిపించే పేరునే నమ్మలేని పరిస్థితి వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఉద్యోగినని నమ్మించిన వ్యక్తికి వెరిసైన్ ఆ కంపెనీ పేరిట రెండు సర్టిఫికెట్లు ఇచ్చేసింది.

ఈలోగా రెండు దారులూ దగ్గరయ్యాయి. 1997 నాటి జావా 1.1లో సంతకం ఉన్న ఆప్లెట్‌ను కంచె దాటనిచ్చారు. 1998 చివర్లో వచ్చిన తర్వాతి వెర్షన్‌లో ఏ ఫైలు చదవాలి, ఏ సర్వర్‌ను తాకాలి అని అనుమతులను విడివిడిగా రాసే వీలు కల్పించారు. బ్రౌజర్ బయట నడిచే పూర్తిస్థాయి ప్రోగ్రామ్‌లను వెబ్ నుంచి అందించే జావా వెబ్ స్టార్ట్ 2001లో వచ్చింది.

మైక్రోసాఫ్ట్ 2005లో తన ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ 2.0తో తెచ్చిన, వెబ్ నుంచి ప్రోగ్రామ్‌లు వేసే క్లిక్‌వన్స్ ఈ కలయికకు మంచి ఉదాహరణ. ప్రోగ్రామ్‌తో పాటు ‘మానిఫెస్ట్’ అనే పత్రం వస్తుంది. తనకు కావలసిన అనుమతులను ప్రోగ్రామ్ అందులో ముందే చెప్పుకోవాలి. ప్రోగ్రామ్ ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వచ్చిందా, ఇంటర్నెట్ నుంచా అన్నదాన్ని బట్టి, అది వచ్చిన చోటుకు, అంటే ‘జోన్’కు, తగిన హక్కులే దక్కేవి. అంతకు మించి అడిగితే హెచ్చరిక పెట్టె తెరుచుకునేది. అందులో ప్రోగ్రామ్ పేరు, వచ్చిన చోటు, తయారీదారు కనిపిస్తాయి. నమ్మదగిన సంతకం లేకపోతే తయారీదారు ‘తెలియదు’ అని ఉంటుంది. ఒకసారి ఒప్పుకుంటే మళ్లీ అడగదు; కొత్త వెర్షన్ మరిన్ని హక్కులు కోరినప్పుడే ఆ పెట్టె తిరిగి కనిపిస్తుంది. అడ్మిన్ హక్కులు లేని ఉద్యోగి కూడా వేసుకోవచ్చు. సంస్థ తన సర్టిఫికెట్‌ను ముందుగానే అన్ని కంప్యూటర్లలో నమ్మదగినదిగా నమోదు చేస్తే అనుమతి ప్రశ్న కూడా రాదు.

కాగితం మీద ఏర్పాటు పక్కాగానే ఉంది, నడిపించడమే కష్టమైంది. ఏ అనుమతి ఎందుకో తేల్చుకోవడం శ్రమ అనిపించి చాలామంది డెవలపర్లు ‘పూర్తి నమ్మకం’ అడిగేశారు. పదే పదే హెచ్చరికలు చూసిన వాడుకరులు చదవకుండానే ఒప్పుకోవడం అలవాటు చేసుకున్నారు. 2010లో డాట్‌నెట్ 4 ఆ జోన్ల విధానాన్ని పక్కనపెట్టింది. జావాలో వరుసగా లోపాలు బయటపడటంతో 2013 జనవరిలో అమెరికా ప్రభుత్వ భద్రతా విభాగం బ్రౌజర్లలో దాన్ని ఆపేయమని సలహా ఇచ్చింది. 2015లో క్రోమ్ బ్రౌజర్ జావా లాంటివి నడిచే పాత ప్లగిన్లకు స్వస్తి చెప్పింది. 2018లో జావా 11 నుంచి ఆప్లెట్లను నడిపే ప్లగిన్‌ను, వెబ్ స్టార్ట్‌ను తీసేశారు. మన దేశంలో డిజిటల్ సంతకంతో ఆన్‌లైన్ టెండర్లు వేసిన కాంట్రాక్టర్లకు ఆప్లెట్ నడిచే ముందు జావా చూపిన హెచ్చరిక పెట్టె గుర్తుండే ఉంటుంది.

ఆప్లెట్ పోయినా ప్రశ్న పోలేదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి యాప్ కెమెరానో, ఫోన్‌లోని నంబర్లనో వాడబోయే క్షణంలోనే అనుమతి అడుగుతోంది. ఇరవై ఏళ్ల అనుభవం తేల్చింది ఇదే: సంతకం పంపినవారి పేరు చెబుతుంది, ప్రోగ్రామ్ గుణం చెప్పదు. చేయబోయే పనికి సరిపడా హక్కు, అదీ అవసరమైనప్పుడే ఇవ్వడం మేలు.