ట్రాలీ వెనుక దీపం

రెండేళ్లకోసారి మాఘమాసంలో సూర్యాపేట పక్కనున్న దురాజ్‌పల్లి గుట్ట మీద పెద్దగట్టు జాతర జరుగుతుంది. లింగమంతుల స్వామికి మొక్కు చెల్లించుకోవడానికి ఉమ్మడి నల్గొండ పల్లెల నుంచి జనం ట్రాక్టర్లు కట్టుకొని బయలుదేరుతారు. ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసి, పైన టార్పాలిన్ పట్టా కడతారు. ఒక మూలకు వంటగిన్నెలు, ఇంకో మూలకు మొక్కు గొర్రె. రాత్రి నిద్ర కూడా అందులోనే. ఇంగ్లండులో విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు 1885లో గుర్రాలు లాగే 'వాండరర్' బండి చేయించుకొని ఊళ్లు తిరిగాడు. సరదా ప్రయాణపు క్యారవాన్ చరిత్రను అక్కడి నుంచే మొదలుపెడతారు. మన పాలమూరు, నల్గొండల్లో ఆ పని జాతర బండి ఎప్పటినుంచో చేస్తోంది. ట్రాలీలో మనుషులను ఎక్కించడాన్ని చట్టం ఒప్పదు, అది వేరే సంగతి. జాతర రోజున ఆ మాట చెబితే వినేవాడు లేడు.

ఆ ట్రాలీ వెనుక వెలగాల్సిన దీపం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ కథ.

ట్రాక్టర్ల కంటే ముందు కచ్చురాలు, ఎడ్లబండ్లు ఉండేవి. రాత్రి ప్రయాణమైతే గ్యాసునూనె పోసిన కందిలిని బండి కింద ఇరుసుకు వేలాడదీసేవారు. అది ఊగుతూ ముందుకూ వెనక్కూ ఇంత వెలుగు పరిచేది. ముందు దీపం, వెనుక దీపం అన్న తేడా లేదు. ఎద్దు నడక గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు. వెనుక వచ్చేవాడిదీ అదే నడక. ఎటు మళ్లుతున్నామో చెప్పాలంటే నోటితో కేకేస్తే సరిపోయేది.

మోటారు వచ్చాక కేక వినపడలేదు. మొదట చెయ్యి బయటికి చాపి చూపించారు. తర్వాత అమెరికాలో మూకీ సినిమాల తార ఫ్లోరెన్స్ లారెన్స్ 1914 ప్రాంతంలో ఒక ఏర్పాటు చేసుకుంది. మీట నొక్కితే కారు వెనుక మడ్‌గార్డు దగ్గర సంకేతం లేచి ఎటు తిరుగుతుందో చూపేది. బ్రేకు తొక్కితే ఆగుతున్నట్టు రాసిన పలక పైకి వచ్చేది. ఆమె దానికి పేటెంటు తీసుకోలేదు, పైసా రాలేదు. ఇంగ్లండు కార్లలో తలుపు పక్కన రెక్కలా లేచే ట్రాఫికేటరు చాలాకాలం నడిచింది. తొలినాళ్ల మోరిస్ మైనరుకూ అదే. మినుకుమినుకుమనే కరెంటు ఇండికేటరును 1939లో బ్యూక్ కంపెనీ తన కార్లకు పెట్టింది. గమనించాల్సిందేమిటంటే, ఆ ఏడాది దీపాలు కారు వెనుక మాత్రమే ఉన్నాయి. ముందు దీపాలు మరుసటి ఏడాది వచ్చాయి. అంటే ఇండికేటరు పుట్టిందే వెనుక వచ్చేవాడి కోసం.

ట్రాలీ తగిలించగానే ఆ వెనుకవాడే చీకట్లో పడ్డాడు.

ట్రాక్టరు దీపాలు మడ్‌గార్డుల మీద ఉంటాయి. వాటి వెనుక ట్రాలీ తగిలించి, దాని మీద వరిగడ్డి మోపులో, పత్తి కుప్పో రెండు నిలువుల ఎత్తు వేస్తే కంపెనీ ఇచ్చిన దీపాలన్నీ మరుగున పడతాయి. అందుకని అవే దీపాలను ట్రాలీ తోకకు మళ్లీ పెట్టాలి. ఈ రెండో పెట్టడం ఏ కంపెనీ చేతిలోనూ లేదు. ట్రాక్టరు కంపెనీ నుంచి వస్తుంది. ట్రాలీ మాత్రం ఎక్కువగా మిర్యాలగూడలోనో, సూర్యాపేటలోనో, జడ్చర్లలోనో ఒక వెల్డింగు షెడ్డులో పుడుతుంది. ఇనుము, టైర్లు, రంగు, చివరికి పేరు రాయించడం. లైట్లు అన్నిటికంటే ఆఖరు.

మన వైపు ట్రాలీలు పెరగడానికి కారణం నీళ్లు. దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాదులో ఐషర్‌తో మొదలైంది. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేస్తే, కాలువల్లోకి నీళ్లు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ చేతుల మీదుగా వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరి పండించాయి, రైసు మిల్లులు లేచాయి. ధాన్యం మిల్లుకు చేరాలంటే ఎడ్లబండి చాలలేదు. అటు పాలమూరులో జూరాల కింద కొంత, తర్వాత కల్వకుర్తి ఎత్తిపోతల కింద మరికొంత ఇదే కథ నడిచింది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు మట్టిని చేలకు తోలింది ట్రాలీలే. పల్లెప్రగతిలో 12,769 గ్రామ పంచాయతీలకూ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు వచ్చాయి. చేలో తిరగాల్సిన బండి రోడ్డెక్కి రవాణా బండి అయింది. దాని దీపాలు మాత్రం చేలోనే ఆగిపోయాయి.

ఇక వైరింగు. ఈ పని 'సెల్ఫ్ డైనమో వర్క్స్' అని బోర్డు ఉన్న దుకాణంలో జరుగుతుంది. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఏడు పిన్నుల సాకెట్ పెట్టడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. పన్నెండు వోల్టుల బండికి ఒక్కో పిన్నుకూ పని, తీగకు రంగు నిర్ణయమై ఉన్నాయి: ఎడమ ఇండికేటరుకు పసుపు, కుడికి ఆకుపచ్చ, బ్రేకు లైటుకు ఎరుపు, ఎర్త్‌కు తెలుపు, కుడి టెయిల్ లైటుకు గోధుమ, ఎడమకు నలుపు, పొగమంచు లైటుకు నీలం. మన దగ్గర ఈ రంగులు చూసి తీగ కలిపే దుకాణాలు తక్కువ. చేతికందిన తీగ కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి పంపిస్తారు. సాకెట్ కూడా ఉండదు, తీగను తీగకు ముడేస్తారు. ట్రాలీ విప్పిన రోజున అది తెగుతుంది. మళ్లీ తగిలించిన రోజున ముడేయడానికి ఎవరికీ తీరిక ఉండదు.

అన్నిటికంటే పెద్ద తంటా ఎర్త్ తీగది. ఖర్చు తగ్గించడానికి ఎర్త్‌ను ట్రాలీ ఇనుముకే వదిలేస్తారు. కరెంటు వెనక్కి రావాలంటే హుక్కు, పిన్ను దాటి రావాలి. అక్కడ తుప్పు, గ్రీజు, మట్టి. ట్రాలీ కుదుపులకు లంకె వదులవుతుంటే దారి తెగిపోతూ ఉంటుంది. అప్పుడు వింతలు మొదలవుతాయి. ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు ఊగిసలాడుతుంది, బ్రేకు తొక్కితే ఇండికేటరు కనురెప్పలా కొట్టుకుంటుంది. ఎర్త్ దొరకని కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటున్నదన్నమాట. బల్బు మార్చి లాభం లేదు. అయినా చాలామంది బల్బులే మారుస్తారు.

రెండోది ఫ్లాషరు. ఇండికేటరు బల్బు ఇరవై ఒక్క వాట్లు, పన్నెండు వోల్టుల మీద సుమారు ఒకటి ముప్పావు యాంపియర్ లాగుతుంది. ట్రాక్టరుకు ఒక వైపు రెండు బల్బులనుకుంటే మూడున్నర. ట్రాలీ బల్బు కలిస్తే ఐదుంబావు. పాత ఫ్లాషరులో పలుచని రెండు లోహాల పట్టీ ఉంటుంది. కరెంటుకు వేడెక్కి వంగుతుంది, చల్లారి కలుస్తుంది. ఆ లెక్క మారితే మినుకు లయ మారుతుంది, బల్బు పోతే మినుక్కుమనకుండా నిలిచి వెలుగుతుంది. నిమిషానికి 60 నుంచి 120 సార్లు మినుకుమనాలన్నది అంతర్జాతీయ లెక్క. ఎల్‌ఈడీ దీపాలు ఇంత కరెంటు లాగవు కాబట్టి పాత ఫ్లాషరు వాటిని అసలు గుర్తించకపోవచ్చు. ట్రాలీకి లైటు అదనంగా పెడితే దానికి తగ్గ ఫ్లాషరు మార్చాలి, ఫ్యూజూ చూసుకోవాలి. దీనికి ఇంత ఖర్చు ఎందుకని వాదించేవాళ్లే పెయింటింగుకు అంతకు అంత ఖర్చు పెడతారు.

చట్టం మాట చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం, దాని కింద 1989లో వచ్చిన కేంద్ర నియమాలు ఇండికేటరు కరెంటుతో పనిచేసే పసుపు నారింజ దీపమై ఉండాలన్నాయి. ట్రాలీని కూడా విడిగా రిజిస్టరు చేయించాలి. కాగితం మీద లోటు లేదు. మన వైపు చీకటి పడ్డాక చౌటుప్పల్ దాటి చూడండి, లోటు ఎక్కడుందో తెలుస్తుంది.

పాత తొమ్మిదో నంబరు రోడ్డు, ఇప్పుడు 65. పాత ఏడో నంబరు, ఇప్పుడు 44, జడ్చర్ల మీదుగా కర్నూలుకు పోయేది. రెండూ నాలుగు వరుసలయ్యాయి, కార్లు తొంభైలో పోతాయి, ట్రాక్టరు ఇరవై ఐదులో. తేడా గంటకు 65 కిలోమీటర్లు, సెకనుకు పద్దెనిమిది మీటర్లు. ముందున్న నల్లటి గడ్డి మోపు యాభై మీటర్ల దూరంలో కనబడిందంటే కారువాడికి మూడు సెకన్లు కూడా మిగలవు. ఆలోచించే లోపు గడ్డి మీద పడతాడు. అయితే ప్రతి ప్రమాదమూ దీపం లేకే జరగదు. 2022 నవంబరులో మునగాల దగ్గర రాత్రిపూట అయ్యప్ప పూజ నుంచి తిరిగొస్తున్న ట్రాక్టరును లారీ ఢీకొట్టినప్పుడు ఐదుగురు పోయారు. అది రాంగ్ రూటు కథ, దీపానిది కాదు. ఎన్ని దీపాలు పెట్టినా రాంగ్ రూటులో పోయేవాడిని అవి కాపాడవు.

వరి కోతలు మొదలవకముందే ట్రాలీ యజమానులు చేయాల్సిన పని చిన్నది. ఎర్త్‌కు విడి తీగ లాగించండి. ముడులు తీసేసి ఏడు పిన్నుల సాకెట్ పెట్టించండి. లైట్లు పోయిన రాత్రికి ఆసరాగా వెనుక రెండు మూలలా ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కరు అంటించండి, అది కరెంటు లేకుండానే మెరుస్తుంది. పెద్దగట్టుకు బయలుదేరేటప్పుడైతే ట్రాక్టరు ఎక్కే ముందు ఒకసారి వెనక్కి నడిచి, ఎడమా కుడీ వెలుగుతున్నాయో లేదో మీ పిల్లవాడిని చూడమనండి.