గణకయంత్రములలో కాలవిభాగము

ఒక్క ప్రాసెసరు మాత్రమే గల కంప్యూటరు ఒక క్షణమున ఒక ప్రోగ్రామునే నడుపగలదు. అయినను, దానిని రెప్పపాటుకన్న తక్కువకాలము నడిపి, అప్పటివరకు వచ్చిన లెక్కలను భద్రపరచి, మరొకదానిని చేపట్టి, వంతులవారీగా మరల మొదటిదానికడకు వచ్చుట అత్యంతశీఘ్రముగా జరుగుటచే, అన్నియు ఏకకాలమున నడచుచున్నట్లు తోచును.

ఈ పద్ధతి రెండు అవసరములనుండి పుట్టినది. 1950వ దశకమున లక్షల డాలర్లు పోసి కొన్న యంత్రములు, టేపు తిరిగి, కార్డు కదలి, సమాచారము చేరువరకు ఊరక నిలిచియుండెడివి. ఒక పని ఆగినంతనే మరొకదానిని అందుకొనుటచే ఈ వ్యర్థకాలము తగ్గెను. 1962 డిసెంబరులో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ప్రారంభమైన అట్లాసు యంత్రము ఈ విద్యలో ఆరితేరినది.

రెండవది మనుష్యుని అవసరము. కార్డులకట్టను యంత్రశాలలో అప్పగించిన పరిశోధకుడు ఫలితముకొరకు గంటలతరబడి, ఒక్కొక్కప్పుడు మరునాటివరకు, వేచియుండి, తీరా ఒక్క కామా లోపించుటచే పని చెడినదని తెలిసికొని, ఆ కార్డును దిద్ది మరల వరుసలో నిలువవలసివచ్చెడిది. యంత్రపుకాలము విలువైనదని యందరు నెరుగుదురు. మనుష్యుని కాలమును లెక్కకు తెచ్చినవారు కొందరే. వారిలో జాన్ మెకార్తీ 1959 జనవరిలో ఎం.ఐ.టి.లో, ఒకే యంత్రమును పలువురు వంతులవారీగా నేరుగా వాడుకొనవలెనని ప్రతిపాదించెను. ఆ యేడే పారిస్‌లో జరిగిన యొక సమావేశమున క్రిస్టఫర్ స్ట్రేచీ కాలవిభాగముపై పత్రము చదివినను, అతని దృష్టి ప్రధానముగా యంత్రమును ఊరకుండనీయకుండుటపైననే యుండెను.

1961 నవంబరులో ఫెర్నాండో కోర్బటో బృందము ఐబీఎం 709పై సీటీఎస్‌ఎస్ అను వ్యవస్థను నలుగురు వాడుకరులతో నడిపి చూపెను. అంతము లేక తిరుగు ప్రోగ్రాము తనంతట తాను వంతు విడువదు గనుక, నియమితకాలము కాగానే యంత్రమును ఆపి పర్యవేక్షక ప్రోగ్రామునకు అధికారమును అప్పగించు గడియారము ఇందు అత్యావశ్యకమయ్యెను.

అయితే కాలమును పంచుట సులభము. పంచుకొన్నవారిని ఒకరిజోలికొకరు పోకుండ కాచుటయే కష్టము. సీటీఎస్‌ఎస్‌లోనే, ఒకే ఖాతానుండి ఇద్దరు నిర్వాహకులు ఒకేవేళ రెండు ఫైళ్ళను దిద్దుచుండగా, ఫైళ్ళను దిద్దు ప్రోగ్రామైన ఎడిటరు ఇరువురికిని ఒకే పేరుగల తాత్కాలిక ఫైలును వాడుటచే అవి తారుమారై, లాగిన్ అయిన ప్రతివానికిని నాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులు దర్శనమిచ్చినవి. ఒక్కరే పనిచేయుదురని ఎడిటరు రచయిత తలపోయుటయే ఇందలి దోషము.

తరువాత మల్టిక్సు అను వ్యవస్థ, 1969లో దానినుండి విడివడినవారు రచించిన యూనిక్సు ఈ మార్గమునే విస్తరించినవి. ఇంత జరిగిన పిదపను వ్యక్తిగత కంప్యూటరు మరల మొదటికి వచ్చుట ఒక విచిత్రము. 1990 నాటి విండోస్ 3.0లో ప్రోగ్రాములు తమంతట తాము వంతు విడువవలసినదే. ఒకటి మొండికేసినచో తెర యంతయు బిగుసుకొనిపోయెడిది. విండోస్ 95 గడియారపు టధికారమును తెచ్చినను, అది కొత్తగా వ్రాసిన ప్రోగ్రాములకే చెల్లెను. పాతవి తమలో తాము యథాపూర్వముగా, విడిచిననే విడిచినట్లు, నడచినవి.