తాళం మనదే, చెవి మనది కాదు

మొన్న సంక్రాంతికి రేపల్లె వెళ్తే మా బాబాయి తన ఫోన్ నా చేతిలో పెట్టి "నువ్వు సాఫ్ట్‌వేరే కదరా, చూడు" అన్నాడు. అప్‌డేట్ మధ్యలో ఛార్జింగ్ అయిపోయిందట, అప్పట్నుంచీ తెర నల్లగానే ఉంది. పోయిన మా నానమ్మ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. రేపల్లెలో కాదన్నారు, బాపట్లలో కాదన్నారు, చివరికి తెనాలి వెళ్ళాం.

అక్కడి షాపాయన వెనక మూత తీసి, బోర్డు మీద రెండు చుక్కల్ని ట్వీజర్ తో కలిపి కేబుల్ పెట్టాడు. కంప్యూటర్ లో క్వాల్‌కామ్ 9008 అని పోర్టు కనపడింది. ఫోన్ బతికే ఉంది! తీరా సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే, కంపెనీ అనుమతి ఉన్న ఖాతాతో లాగిన్ అవ్వమంది.

"బోర్డు బానే ఉందండీ, దారీ తెలుసు. తాళం చెవే మన దగ్గర లేదు" అన్నాడాయన. కంపెనీ పేరెందుకులెండి, వాళ్ళ సర్వీస్ సెంటర్ మాత్రం బోర్డు మార్చాల్సిందే అంది. మారిస్తే ఫోటోలు గోవిందా.

సరే, అసలు ఈ తాళాల కథేంటో చూద్దాం.

2003 లో రిలయన్స్ వాళ్ళు 501 రూపాయలు కట్టించుకుని ఫోన్లిచ్చారు, గుర్తుందా? (నేనప్పటికి ఒకటో తరగతి :)) వాటిల్లో సిమ్ ఉండేది కాదు, నెంబరు ఫోన్లోకే ఎక్కించేవాళ్ళు. ఇంకో నెట్‌వర్క్ కి పోవటం కుదరదు. అది వ్యాపారం తాళం. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన ఫోన్లకీ అలాంటిదే ఉండేది. కోడ్ తోనో కేబుల్ తోనో షాపుల్లో తీసేసేవాళ్ళు.

2008 లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చింది. అదే ఫోన్ని గూగుల్ తాళం లేకుండా డెవలపర్లకి 399 డాలర్లకి విడిగా అమ్మింది. 2010 లో నెక్సస్ వన్ వచ్చాక ఒక్క కమాండ్ తో ఓనరే బూట్‌లోడర్ తెరుచుకోగలిగాడు. డేటా చెరిగిపోయేది, నిజమే, కానీ చెవి ఓనర్ దే.

దానికీ కింద ఇంకో తాళం ఉంది. చిప్ లో మొదట నడిచే కోడ్ ఫ్యాక్టరీలోనే అచ్చవుతుంది, మార్చలేం. కంపెనీ తాళం చెవి తాలూకు హాష్ ని ఫ్యూజుల్లో కాల్చేస్తారు. 9008 అంటే చచ్చిన ఫోన్ని బతికించటానికి పెట్టిన అత్యవసర దారే. కానీ కంపెనీ సంతకం ఉన్న ఫైలునే అది లోపలికి రానిస్తుంది. అలాంటి ఫైళ్ళు బయటికొచ్చినంత కాలం షాపులకి పని దొరికింది. 2018 ప్రాంతం నుంచి కొన్ని కంపెనీలు దానిపైన సర్వర్ అనుమతి కూడా పెట్టాయి.

తాళం వద్దనటం లేదు నేను. మీడియాటెక్ చిప్ ల బూట్ కోడ్ లో ఒక లోపం బయటపడితే రిపేరు చేసేవాడికి ఎంత పనికొచ్చిందో, ఫోన్ కొట్టేసినవాడికీ అంతే పనికొచ్చింది. సెక్యూర్ బూట్ రాసేది మనలాంటి వాళ్ళమే. బిల్లు, ఐఎంఈఐ సరిపోతే ఆ ఒక్క ఫోన్ కి, ఆ ఒక్కసారికి సంతకం ఇవ్వటం మనకి పెద్ద కష్టమా? మనకి అడ్డం టెక్నాలజీ కాదు, ఇష్టం లేకపోవటం.

2022 డిసెంబర్ 24 న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. అందులో సర్వీస్ సెంటర్ల వివరాలు దొరుకుతాయి, సంతకం మాత్రం దొరకదు. యూరప్ లో 2025 జూన్ నుంచి, విడిభాగం మార్చటానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ ని బయటి రిపేరువాళ్ళకీ ఇవ్వాలని నిబంధన వచ్చింది.

తెనాలాయన డబ్బులు తీసుకోలేదు. బాబాయి ఫోన్ని రుమాల్లో చుట్టి బీరువాలో పెట్టాడు. "పారెయ్యొద్దురా, ఎప్పటికైనా తెరుచుకుంటుందేమో" అన్నాడు.